నాలుగో పాటలో సొరబుర్ర

గవరపాలెం, అనకాపల్లి
3 అక్టోబరు 2024

మా సుమకి,

మావయ్య ఇక్కడ రాయిలా ఉన్నాడు, నువ్వూ అలాగే ఉండాలి. నీ పరీక్ష సంగతి మీ అమ్మ చెప్పింది. డిసెంబరు పద్నాలుగున ఇరవై పాట ముక్కలు వినిపిస్తారట, ఏది ఏ రకమో రాయాలట, రాయలేకపోతే ఆ డాన్సు స్కూల్లో టీచరుగా తీసుకోరట. మూడేళ్ళనించీ అసిస్టెంటుగానే ఉండిపోయిందని మూతి తిప్పింది కూడా. నాకు నవ్వొచ్చింది. క్యూబా పాటలు నేర్చుకోడానికి బెంగుళూరులో మాస్టర్లెందుకే, అనకాపల్లిలో మీ మేనమామ ఉండగా?

ఫోనులో చెప్పమన్నావట. అది నావల్ల కాదు. ఈ మధ్య వచ్చే ఫోన్లలో మనుషులు మాటలు నమిలి ఊస్తున్నట్టుంది, సగం మాట దిగదు. ఉత్తరమైతే నింపాదిగా చదువుకోవచ్చు. పైగా నా దస్తూరీ బాగుంటుంది.

నాకు ఈ విద్య ఎలా వచ్చిందో నీకు సరిగ్గా తెలీదు. నాకు ఇరవై అయిదేళ్ళప్పుడు చక్కెర మిల్లులో మిషన్లు బిగించడానికి క్యూబానించి రామీరో అని ఒక ఇంజనీరు వచ్చాడు. వాళ్ళదీ చెరకు దేశమే. మన పానకం వాసనకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను ఫిట్టరు పక్కన పానాలు అందించేవాణ్ణి. మిషను తిరుగుతుంటే పక్కన నిలబడి ఏ బేరింగు అరిగిందో చెప్పేవాణ్ణి, ఊడదీసి చూస్తే అదే అరిగి ఉండేది. రామీరోకి ముచ్చటేసింది. ఈ చెవికి పాట నేర్పుతానన్నాడు. ఎనిమిది నెలలు నేర్పి, వెళ్తూ వెళ్తూ రికార్డులన్నీ నాకిచ్చేశాడు. అవే మొన్న మెయిన్ రోడ్డు కొట్లో పెన్ డ్రైవులోకి ఎక్కించి నీకు పంపాను. పద్నాలుగు పాటలు, పద్నాలుగు నంబర్లు. నా దగ్గరా అవే ఉన్నాయి.

మొదటి పాఠం. పాడేవాణ్ణి వినకు, అందరూ వాణ్ణే వింటారు. వెనకాల చిన్న చప్పుడు చేసేవాడు ఒకడుంటాడు, వాణ్ణి పట్టుకో. గాట్లు పెట్టిన ఎండు సొరబుర్రని పుల్లతో గీకుతూ, ఒక పొడుగు రెండు పొట్టి, ఒక పొడుగు రెండు పొట్టి, పాట పొడుగునా నడిస్తే అది చాచాచా. ఆ గీకుడు లేకుండా కర్రముక్కలు టకటకలాడుతూ, తీగలు తెగ మోగుతుంటే సోన్. సోన్ ఉరుకుల మీద ఉండి, పాడేవాడు ఎవరినో వెటకారం చేస్తున్నట్టుంటే గ్వారాచా. నెమ్మదిగా, గింజల బుర్ర మాత్రం ఇసక రాలినట్టు వినపడుతుంటే బొలేరో. ఫ్లూటూ వయొలిన్లూ పెద్దింటి పెళ్ళివారిలా దిగి, మధ్యమధ్య ఆగి, మళ్ళీ మొదలెడితే దాన్సోన్. చాచాచాకి అదే తల్లి. అందుకే ఆ రెంటికీ పోలికలుంటాయి.

ఒకటి నుంచి అయిదు వరకూ విని రాయి. నేను మిల్లుకి పోవాలి. ఎలమంచిలి రోడ్డులో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు ఇప్పటికీ నా చేతిమీదే నడుస్తోంది.

నీ గురువు, ఆ తర్వాతే మేనమామ,
త్రినాధరావు


బెంగుళూరు
12 అక్టోబరు 2024

గురువుగారైన మావయ్యకి,

నీ శిష్యురాలి దండాలు. ఉత్తరం పోస్టులో వస్తే మా రూమ్మేటు దాన్ని వాసన చూసింది! ఈ రోజుల్లో ఉత్తరాలు రాసే మనుషులున్నారంటే నమ్మలేదు.

పాఠం బాగుంది. ఒకటి దాన్సోన్, రెండు గ్వారాచా, మూడు బొలేరో, అయిదు సోన్. ఎన్ని మార్కులు? నాలుగు మాత్రం చాచాచా అనుకుంటున్నాను. ట్రంపెట్, పియానో ఉన్నాయి, వేగం చూస్తే సోన్‌లాగే ఉంది. కానీ సొరబుర్ర మొదటినించి చివరిదాకా గీకుతూనే ఉంది కదా. నువ్వు చెప్పినట్టే ఒక పొడుగు, రెండు పొట్టి.

పదకొండో పాట రోజూ వింటున్నాను. ఆ ఫ్లూటు ఎంత పైకి పోతుందో! ఇంక ఊపిరి అయిపోతుందనుకుంటానా, ఇంకో మెట్టు ఎక్కుతుంది. క్లాసులో పిల్లలకి అది పెట్టి నడక నేర్పుతున్నాను.

అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బాయిలరు దగ్గర జాగ్రత్తగా ఉండు. అమ్మ ఎప్పుడూ అదే బెంగ.

నీ సుమశ్రీ


గవరపాలెం
20 అక్టోబరు 2024

సుమకి,

నీకు అయిదుకి నాలుగు. నాలుగో పాట సోన్. అందులో సొరబుర్ర లేదు. నీ పత్రం చూశాక మూడుసార్లు పెట్టుకుని విన్నాను, బుర్రా లేదు, గీకుడూ లేదు. డ్రమ్ములు, బేసు, పియానో, ట్రంపెట్, అంతే. పాఠం చదివిన వేడిలో ఉన్నావు కాబట్టి లేని బుర్ర వినపడింది. కొత్తలో నాకూ అలాగే అయ్యేది.

పదకొండులో ఫ్లూటు గురించి కూడా పొరపాటు పడ్డావు. అతను పైకి పోడు, మధ్యలో ఆపేస్తాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ కింద అందుకుంటాడు. నాలుగు చోట్ల అలా ఆగుతాడు. నాకిదివరకు అంతగా తట్టలేదు, ఈ మధ్యే గమనించాను. దాన్సోన్‌లో ఆగడమే అందం.

అత్తకి మోకాళ్ళు పరవాలేదు, నోరే నొప్పి పుడుతోంది. మొన్న పప్పు కుక్కరు పెట్టి, మూడు కూతలకి దింపమని నాకు చెప్పి పూలకి వెళ్ళింది. అది కూసి చస్తేగా! వచ్చేసరికి పప్పు అడుగంటింది. "ఈది సివరదాకా ఇనిపించింది, సెవుల్లో ఏటెట్టుకున్నావు?" అని ఒకటే సాధింపు. కొత్త కుక్కరు, దాని ఈలలో దమ్ము లేదు. అన్నట్టు, ఈ ఏడు మా వీధిలో కీచురాళ్ళు కూడా లేవు. చేలల్లో మందులు కొట్టి పురుగూ పుట్రా చంపేశారు. సాయంత్రం అరుగు మీద కూచుంటే ఎంత ప్రశాంతంగా ఉందో.

బాయిలరు గురించి మీ అమ్మని బెంగ పడొద్దను. లోపల నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టానికి ఉప్పు పట్టి మసకబారిన మాట నిజమే, సీజను అయ్యాక మారుస్తానన్నాడు షావుకారు. అయినా నాకు గాజెందుకు? నీళ్ళు తగ్గితే ఈల వేసే గొట్టం ఒకటి ఉంటుంది బాయిలరుకి. వేసవినించీ అది ఒక్కసారి కూడా మోగలేదంటే చూసుకో, నా చెయ్యి ఎంత కచ్చితమో. బాయిలరు అంత బుద్ధిగా ఎప్పుడూ లేదు.

మనుషులకే బుద్ధి తగ్గుతోంది. మా మిల్లు కళ్ళంలో వడ్లు ఆరబోసే పైడితల్లి ఇదివరకు "మావా" అని అల్లంత దూరంనించి పిలిచేది. ఇప్పుడు దగ్గరికొచ్చి భుజం తట్టి మరీ చెబుతోంది. ఆడమనిషి, అదేం పద్ధతి? అడిగితే నవ్వి ఊరుకుంది.

ఆరునించి పది వరకు రాయి. సొరబుర్రలు కనిపెట్టకు.

మావయ్య


బెంగుళూరు
30 అక్టోబరు 2024

మావయ్యా,

కోపం తెచ్చుకోనంటేనే ఈ ఉత్తరం చదువు.

నిన్న మా స్కూల్లో ఉత్తుత్తి పరీక్ష పెట్టారు. ఇరవైలో ఆరు తప్పయ్యాయి. ఆ ఆరూ నా చెవికి ఒకలా వినపడితే, నీ మాట తలుచుకుని ఇంకోలా రాసినవే. గీకుడు వినపడుతున్నా, లేని బుర్ర వింటున్నానేమో అనుకుని సోన్ అని రాశాను. గింజల చప్పుడు వినపడుతున్నా నా భ్రమే అనుకున్నాను.

ఆ తర్వాత మన నాలుగో పాట మా మాస్టారికి వినిపించాను. పది సెకన్లు కూడా వినలేదు, చాచాచా అనేశారు. "బుర్ర అంత గట్టిగా గీకుతుంటే అనుమానమెందుకొచ్చింది?" అన్నారు. పదకొండులో ఫ్లూటు ఎక్కడా ఆగలేదన్నారు. నేను ఇంకేమీ అనకుండా వచ్చేశాను. నీ పేరు చెప్పలేదు.

నీ పెన్ డ్రైవు పాడయిందేమో, లేకపోతే స్పీకరేమో. ఒకసారి కొట్లో చూపించవూ? నాకు నీ మీద నమ్మకం లేక కాదు. ఇంకో నెలన్నరే ఉంది, భయంగా ఉంది.

సుమ


గవరపాలెం
7 నవంబరు 2024

చి. సుమశ్రీకి,

నీ ఉత్తరం అందింది. స్పీకరు కొట్టుకి పట్టుకెళ్ళాను. బాగానే ఉందన్నాడు. కొత్తది కొన్నాను, అందులోనూ నాలుగో పాటలో సొరబుర్ర లేదు. పెన్ డ్రైవు కూడా వాడి దగ్గరే మళ్ళీ ఎక్కించుకున్నాను. లేదు. ఇంకేం చెయ్యమంటావు? క్యూబా వెళ్ళి రామీరోని లేపి అడగనా?

ఎనిమిది నెలలు ఆ మనిషి పక్కన కూచుని నేర్చుకున్న విద్య ఇది. మీ మాస్టారు పది సెకన్లలో తేల్చేశాడు. నువ్వు ఆయన ముందు తలొంచుకుని వచ్చేశావు. నా పేరు చెప్పలేదని రాశావు చూడు, అది గుచ్చుకుంది. చెప్పుకోడానికి సిగ్గేసిందా?

ఇక్కడ కూడా అందరికీ నాకు చెప్పాలనే సరదా పుట్టింది. మొన్న పైడితల్లి వచ్చి భుజం తట్టి, "ఏటో సన్నగా ఈలేత్తంది మావా, సూడు" అంది. నేను అక్కడే ఉన్నాను, నాకు లేని ఈల దానికెక్కడిది? "నీ సెవులే ఈలేత్తన్నాయి, పో" అన్నాను. పోలేదు, అక్కడే నిలబడింది. దాని పోరు పడలేక గాజు గొట్టం గుడ్డతో తుడిచి చూస్తే నీళ్ళు కాస్త కిందకే ఉన్నట్టనిపించింది. పంపు తిప్పాను. కాకతాళీయంగా అవుతుంటాయి అలాంటివి. దానికి మాత్రం ఆ రోజంతా మహా గర్వం.

ఇకనించి మీ మాస్టారినే అడుగు. నాకు రాయకు, రాసినా విప్పను. అన్నమాట తప్పే మనిషిని కానని నీకు తెలుసు.

త్రినాధరావు


బెంగుళూరు
20 నవంబరు 2024

మావయ్యా,

విప్పనన్నావు. విప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కటీ విప్పు.

రాత్రి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని మళ్ళీ చదివాను. నీకు డ్రమ్ము వినపడుతోంది, బేసు వినపడుతోంది, ట్రంపెట్ వినపడుతోంది. బుర్ర గీకుడు వినపడటం లేదు. గింజల చప్పుడు లేదు. ఫ్లూటు కింద ఉన్నంతసేపు వింటున్నావు, పైకెక్కగానే ఆగిపోయిందంటున్నావు. అతను ఆగటం లేదు మావయ్యా. కుక్కరు కూసింది, వీధి చివరిదాకా వినిపించిందని అత్తే చెప్పింది. కీచురాళ్ళు చచ్చిపోలేదు, మొన్న అమ్మ మీ అరుగు మీంచి ఫోను చేసినప్పుడు వెనకాల అరుస్తూనే ఉన్నాయి. ఫోనులో మాటలు దిగకపోవడం కూడా అందుకే. నలభై ఏళ్ళు మిషన్ల మధ్య ఉన్నావు. సన్నని చప్పుళ్ళు నీకు పోయాయి. మిగతావన్నీ బాగానే ఉండటంతో ఏం పోయిందో నీకు తెలియటం లేదు.

ఇవన్నీ పోతే పోనీ. పాటలు కూడా పోనీ. ఆ బాయిలరు ఈల కూడా సన్ననిదే.

వేసవినించీ అది మోగలేదని రాశావు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. పైడితల్లికి వినపడింది, నీళ్ళు తగ్గే ఉన్నాయి. అది కాకతాళీయం కాదు. ఆమె భుజం తట్టేది పిలిచినా నువ్వు పలకటం లేదు కాబట్టి. నీకు చెప్పడానికి మొహమాటపడి నవ్వి ఊరుకుంది.

నాకు రెండు మాటలివ్వు. విశాఖపట్నం వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకో. అంతవరకూ బాయిలరు దగ్గర నువ్వు ఒక్కడివే ఉండొద్దు. గాజు గొట్టం మార్చేదాకా పైడితల్లి ఈల అంటే ఈలే, వెంటనే మంట లాగేసి కళ్ళంలోవాళ్ళని దూరం పంపించు.

అమ్మకి చెప్పలేదు. అత్తకి, మీ షావుకారుకి కూడా చెప్పలేదు. నీ చెవి గురించి ఊళ్ళో ఇంకొకరి నోట నువ్వు వినకూడదని. నేను ఫోనులో అరిస్తే ఇల్లంతా వింటుంది, అందుకే రాస్తున్నాను. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

నీ పేరు చెప్పనిది సిగ్గుతో కాదు. నిన్నెవరూ తప్పనకూడదని.

సుమ


బెంగుళూరు
26 నవంబరు 2024

మావయ్యా,

ఈ పొద్దున నీతో మాట్లాడాక ప్రాణం కుదుటపడింది. ఉత్తరం అందిందా అన్నాను, ఆఁ అన్నావు. బాయిలరు దగ్గర ఒక్కడివే ఉండొద్దు, చెవులు చూపించుకో అన్నాను. "అలాగేనమ్మా, అలాగే, నువ్వు బాధపడకు" అన్నావు. నీ గొంతులో కోపం లేదు. అన్ని రోజుల తర్వాత ఆ మాట వినేసరికి ఏడుపొచ్చింది, అత్తకి తెలియకూడదని ఫోను పెట్టేశాను.

నువ్వింత సులువుగా ఒప్పుకుంటావనుకోలేదు. ఎవరెవరికి చెప్పాలా అని నాలుగు రోజులు నిద్ర లేకుండా ఆలోచించాను. మీ షావుకారు నంబరు కూడా సంపాదించాను. ఇంక అక్కర్లేదు, చింపేశాను.

వైజాగ్ ఏ రోజు వెళ్తున్నావో రాయి. పైడితల్లికి నా తరఫున ఒక చీర కొనిపెట్టు, రంగు నువ్వే చూడు.

నీ శిష్యురాలు


గవరపాలెం
4 డిసెంబరు 2024

సుమా,

నీ ఉత్తరం కిందటి నెల ఇరవై అయిదు, సోమవారం అందింది. శుక్రవారం విప్పాను. గురువారం బాయిలరు పేలింది.

పైడితల్లి పోయింది. నాకు చెయ్యి కాలింది, అంతే. ఎడమ చెయ్యి. రాయడానికి కుడి చెయ్యి ఉంది.

విప్పనని రాశాను కదా, మాట మీద నిలబడ్డాను. చొక్కా మార్చినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకుంటూ, నీ కవరు దగ్గరే పెట్టుకుని తిరిగాను. నువ్వే ఫోను చేసి బతిమాలతావని చూశాను. చేశావు. అత్త ఫోను నా చెవికి పెట్టింది. నీ గొంతు వినిపించింది కానీ మాటలు దిగలేదు. ఏమన్నావమ్మా అని అడగడానికి అత్త ముందు సిగ్గేసింది. ఏడుస్తున్నట్టనిపించింది. తప్పయిందంటున్నావనుకున్నాను. అందుకే అలాగేనమ్మా అన్నాను. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మర ఆడుతోంది కాబట్టి బాయిలరుకి నీళ్ళు తోడే పంపు కూడా ఆడుతోందనుకున్నాను. అది మళ్ళీ ఎత్తుకోలేదు. నేను ఊకకుప్ప వెనకాల తట్టలు నింపుతున్నాను. బాయిలరుకి ఇరవై అడుగుల దూరం కూడా లేదు. పైడితల్లి వదిన కళ్ళంలోనే ఉంది, ఆవిడ తర్వాత చెప్పింది. ఈల చాలాసేపు వేసిందట. పైడితల్లి కళ్ళంలోంచి నాలుగుసార్లు పిలిచిందట. "ఆ మావకి ఇనపడదొదినా, నానెల్లి సెప్పొత్తాను" అని చేట కింద పెట్టి వెళ్ళిందట. నేనెప్పుడూ నిలబడే చోటికే వెళ్ళింది, భుజం తట్టడానికి. అక్కడ నేను లేను.

నాకు ముందు తెలియదని మాత్రం అనను. కీచురాళ్ళు ఒక్క మా వీధిలోనే చచ్చిపోవని నాకు తెలుసు. స్పీకరు కొట్టువాడు బాగానే ఉందని నా మొహంలోకి చూసినప్పుడు కూడా తెలుసు. ఆ ముక్క పైకి అంటే బాయిలరు దగ్గరనించి లేపేస్తారు, అక్కణ్ణించి లేపేస్తే త్రినాధరావు ఎవరు? ఆ భయంతో నోరు మూసుకున్నాను. అనాల్సిన ఆ ఒక్క ముక్క అనలేదు, పైడితల్లి పోయింది.

శనివారం బాయిలర్ల ఇనస్పెక్టరు వస్తాడనగా షావుకారు ఆస్పత్రికి వచ్చాడు. "ఈల గొట్టం పూడుకుపోయి మోగలేదని సెప్పు మావా, నీకూ మంచిదే, నాకూ మంచిదే" అన్నాడు. ఆలోచించాను. అబద్ధం చెప్పను, కాసేపు ఆలోచించాను. ఈల మోగకపోతే పైడితల్లికి అక్కడేం పని అంటారు. ఆడమనిషి బాయిలరు దగ్గరికి ఎందుకు పోయిందంటారు. తప్పు ఆమె మీదకి పోతుంది. ఆమె వదిన మాట ఎవరు నమ్ముతారు?

ఈల మోగిందని చెప్పాను. మోగిందని నీకెలా తెలుసు, విన్నావా అన్నాడు ఇనస్పెక్టరు. నేను వినలేదు, పైడితల్లి విన్నది, నాకు చెవుల్లేవు అన్నాను. మసకబారిన గాజు సంగతి కూడా చెప్పాను. నీ ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను. పోస్టాఫీసు ముద్ర చూసుకున్నాడు. ఇది సోమవారమే అందిందా అన్నాడు. అందింది, విప్పలేదు అన్నాను. ఆయన అది కూడా రాసుకున్నాడు. బాయిలరు నడిపే నా సర్టిఫికెట్టు తీసేసుకున్నారు. ఇంకా ఏం చేస్తారో తెలీదు, చెయ్యనీ. నా ఉత్తరాలు నీ దగ్గరున్నాయి కదా, అవి కూడా అడుగుతారు. ఒక్కటీ దాచకుండా ఇచ్చెయ్యి. ముఖ్యంగా ఏడో తారీఖుది. పైడితల్లి అంతకుముందు ఒకసారి మమ్మల్నందరినీ కాపాడిందని అందులో నా చేత్తోనే రాసి ఉంది.

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. ఇది వెంటనే విప్పాను. చీర కొన్నాను. ఆకుపచ్చది. పెద్దకర్మకి వాళ్ళింట్లో ఇస్తాను, తీసుకుంటారో లేదో.

నువ్వు నాకు చెప్పకుండా షావుకారుకి చెప్పి ఉంటే అని నువ్వు అనుకుంటావు. అనుకోకు. నా పరువు కాపాడావు, నేనే దానికి తగినవాణ్ణి కాను.

పద్నాలుగున పరీక్ష మానొద్దు. నీ చెవికి ఏది వినపడితే అదే రాయి, నా మాట తలుచుకోకు. నిన్న అత్తని పక్కన కూచోబెట్టుకుని పాట పెట్టాను. ఆవిడకి ఇవేవీ తెలీదు కదా. ఏం వినపడుతోందో చెప్పమంటే, చేత్తో నా మోచేతి మీద గీకి చూపించింది. ఒక పొడుగు, రెండు పొట్టి.

నాలుగో పాట చాచాచాయే. సొరబుర్ర ఉంది.

త్రినాధరావు